అత్తగారు దులిపిన బ్రౌజర్

"అత్తయ్యా! నా లాప్‌టాప్ ఎవరు ముట్టుకున్నారు?"

కోడలి కేక విని అత్తగారు వంటింట్లోంచి నవ్వుకుంటూ వచ్చారు. మెచ్చుకోడానికే పిలిచిందనుకున్నారు పాపం. తడి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడి, "నేనే! చూశావా, నీ బ్రౌజర్ ఎలా పరిగెడుతోందో!" అన్నారు.

పరిగెడుతున్న మాట నిజమే. నిన్నటిదాకా ఒక పేజీ తెరవమంటే ఆ చక్రం తిరుగుతూ కూర్చునేది. కోడలు కాసేపు బతిమాలేది, కాసేపు తిట్టేది. చూసీ చూసీ అత్తగారికి ఉండబట్టలేదు. ఈ పూట కోడలికి ఇంటర్వ్యూ. పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసే ఉద్యోగం. వడపోతలన్నీ దాటుకుని చివరిదాకా వచ్చింది. తీరా మాట్లాడే వేళకి ఆ చక్రం తిరగడం మొదలెడితే నోటిదాకా వచ్చిన కూడు నేలపాలు కాదూ? అందుకే కోడలు స్నానానికి వెళ్లడమే తరువాయి, ఈవిడ బ్రౌజర్ స్పీడు పెంచే వీడియో ఒకటి చూసి అందులో చెప్పినట్టల్లా చేసేశారు.

"ఏం చేశారసలు?"

"ఏముందీ, నువ్వు తెరిచి పెట్టుకున్నవన్నీ మూసేశాను. లోపల పాత చెత్త ఉంటుందటగా, అది తుడిచేశాను. గళ్లొచ్చాయి. టిక్కులు పెట్టాను."

"వేటికి పెట్టారు?"

"అన్నిటికీ. ఊడ్చేటప్పుడు ఒక మూల ఊడ్చి ఇంకో మూల వదిలేస్తామా?"

ఆవిడ హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ డ్యూటీలో ఉంటే వార్డులో దుమ్ము కూడా పర్మిషన్ అడిగి వాలేదని చెప్పుకునేవారు.

కోడలు నెత్తిన చేతులు పెట్టుకుంది. "కొంప ముంచారు! పాస్‌వర్డులన్నీ అందులోనే ఉన్నాయి. ఇంటర్వ్యూ లింకేమో మెయిల్లో ఉంది. ఆ మెయిల్ ఇప్పుడు పాస్‌వర్డ్ అడుగుతోంది!"

"అడిగితే చెప్పు."

"గుర్తుంటే కదా! బ్రౌజర్ చూసుకుంటుందిలే అని వదిలేశాను. ఆ మెయిల్ ఫోన్లో కూడా పెట్టుకోలేదు. ఇంక పావుగంటైనా లేదు, నేనేం చెయ్యను?"

అత్తగారి నవ్వు ఎటు పోయిందో పోయింది. అయినా తప్పు ఒప్పుకునే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

"ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ముట్టుకునేదాన్నా? అయినా నాకేది చెబుతావు గనక!"

"నేను చెప్పేదేంటి, మీరు అడగాలి! కూరలో ఉప్పు దగ్గర్నించి కిటికీ తెరలదాకా అన్నిట్లో వేలు పెడతారు. ఇదొక్కటే మిగిలింది, దీని పనీ అయిపోయింది."

"సరే, తిట్లు తర్వాత తీరిగ్గా తిడుదువుగాని. ముందు కూర్చుని, తోచింది కొట్టి చూడు."

కోడలు కూర్చుని కొట్టింది. పుట్టినరోజు కాదంది. పెళ్లిరోజు కాదంది. మొగుడి ముద్దుపేరు కొట్టేటప్పుడు అత్తగారు మర్యాదగా గోడకేసి చూశారు. అదీ కాదంది. కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంతలో తెర మీద ఇంకేదో వచ్చింది. అత్తగారు కళ్లజోడు సర్దుకుని పైకి చదివారు. "పాస్‌వర్డ్ మరిచిపోయారా? మీకు బాగా నమ్మకమైన మనిషిదని మీరిచ్చిన నంబరుకి కోడ్ పంపమంటారా?" కింద నంబరు ఉండాల్సిన చోట వరసగా చుక్కలున్నాయి.

"హమ్మయ్య! దారి ఉందిగా. నొక్కు."

కోడలి వేలు కదల్లేదు.

"నొక్కవేం? టైమైపోతోంది!"

"వద్దులెండి. ఇంకేదైనా దారి చూద్దాం." ఆ పిల్ల మొహం ఎర్రబడింది.

"ఎవరి నంబరిచ్చావేంటి? మీ అమ్మదా?"

"కాదు."

"మా వాడిదా?"

"ఆయనదా! ఫోన్ ఎక్కడ పెట్టారో ఆయనకే తెలీదు."

"మరెవరిది?"

కోడలు మొహం తెరకేసి తిప్పేసుకుంది.

అత్తగారి మనసు చివుక్కుమంది. ఎవరో స్నేహితురాలై ఉంటుంది. కడుపులో మాట చెప్పుకోడానికి ఈ పిల్లకి ఒక మనిషుంది, ఆ మనిషి పేరు కూడా తన ముందు చెప్పలేకపోతోంది. ఒకే వంటింట్లో తిరుగుతూ ఇంత దూరంగా ఉన్నామా అని బాధేసింది. కానీ బాధపడుతూ కూర్చునే వేళ కాదది. ఎన్ని బొమ్మలు గీసి, ఎన్ని చించేసి, ఇక్కడిదాకా వచ్చిందో తన కళ్లతో చూశారు. చెయ్యి చాచి తనే నొక్కేశారు.

"అత్తయ్యా!"

"అరవకు. నీ ఉద్యోగం కంటే నా రోషం ఎక్కువేం కాదు. ఆ మనిషెవరో, ఫోన్ చేసి కోడ్ తెప్పించుకో. నేను వినకూడదనుకుంటే చెప్పు, వంటింట్లోకి పోతాను."

కోడలు తల ఎత్తలేదు. "వెళ్లండి," అంది మెల్లిగా. "తొందరగా వెళ్లండి."

ఎంత మాటన్నదీ పిల్ల! అత్తగారికి దుఃఖం ముంచుకొచ్చింది. విసవిసా వంటింట్లోకి వెళ్లారు.

గట్టు మీద, ఛార్జింగుకి పెట్టిన ఆవిడ ఫోన్లో, ఆరంకెల కోడ్ వచ్చి కూర్చుంది.