తేలడం రాని మామ్మ

“ఈ సెలవుల్లో చిట్టికి బొమ్మల క్యాంపే. ఇక ఆ మాట వదిలెయ్యండి,” అంది తల్లి, ఆరిన బట్టలు మడతపెడుతూ.

“పొద్దున్నుంచి వదలనిది నువ్వే,” అన్నాడు తండ్రి.

“పక్క వీధిలోనే ఉంది. అందరూ ఆడపిల్లలే. నీడపట్టున కూర్చుని రంగులు వేసుకుంటుంది.”

“ఈత క్యాంపులోనూ అందరూ ఆడపిల్లలే. రంగులు వేసుకుంటే భయం పోతుందా?”

తల్లి ఇంకో చొక్కా దులిపి మడతపెట్టింది.

నిరుడు బడివాళ్లతో వెళ్లినప్పుడు చిట్టి కాలు జారి స్విమ్మింగ్ పూల్‌లో పడింది. వెంటనే పైకి తీశారు. కానీ అప్పటినుంచి తలమీద చెంబుడు నీళ్లు పోయనివ్వదు. తల్లి ఒక చెయ్యి నుదుటికి అడ్డం పెట్టి, తల వెనక్కి వంచి, కొంచెం కొంచెంగా తడపాలి. పదకొండేళ్ల పిల్ల, పసిపాపలా కళ్లు గట్టిగా మూసుకుని తల్లి నడుం పట్టుకుంటుంది.

“దాన్ని అడిగారా ఎవరైనా?” అంది నానమ్మ, సూదిలో దారం ఎక్కక విసుక్కుంటూ.

చిట్టి వచ్చి దారం ఎక్కించి ఇచ్చింది.

“ఒకసారి చూసి రండి. చూసొస్తే అరిగిపోరుగా,” అన్నాడు తండ్రి. “నచ్చకపోతే బొమ్మల క్యాంపులోనే పేరిచ్చేద్దాం. నేనింక నోరెత్తను.”

తండ్రి మాట మీద చిట్టి ఈత బట్టలు వేసుకునే బయల్దేరింది. ఈత కొలను గేటు దాటి క్లోరిన్ వాసన తగలగానే తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

లోతు తక్కువ వైపు పిల్లలు కాళ్లతో నీళ్లు కొడుతున్నారు. వాళ్ల మధ్య ఒక పెద్దావిడ, గోడ పక్కన కమ్మీని రెండు చేతులా కరుచుకుని నిలబడింది. రబ్బరు టోపీ కింద నెరిసిన జుట్టు.

“ఇది వదలాలంటే నాకు భయం పిల్లా,” అంది చిట్టిని చూసి. “నీకో?”

“నాకూ.”

“అయితే నువ్వా మెట్టు మీద కూర్చో. నేను మునిగిపోతే నలుగురికీ చెబుదువుగాని.”

చిట్టి నవ్వింది. మెట్టు మీద కూర్చుని పాదాలు నీళ్లలో పెట్టింది.

ఆవిడ ముఖం నీళ్లలో ముంచి, వెంటనే దగ్గుతూ పైకి లేచింది.

“అబ్బ, ముక్కులోకి పోయాయి.”

“ముక్కుతో గాలి వదలాలి మామ్మగారూ. అటు చూడండి, వాళ్లు బుడగలు వదులుతున్నారు.”

“నా కళ్లకి ఆనదమ్మా. నువ్వు చేసి చూపించు.”

చిట్టి ఒక మెట్టు దిగింది. ఇంకొకటి దిగింది. కళ్లు మూసుకుని ముఖం ముంచింది. నాలుగు బుడగలు వచ్చాయి.

గట్టు మీద తల్లి ఊపిరి బిగబట్టింది.

“బాగుంది. నన్ను పట్టుకో, నేనూ చేస్తా,” అని ఆవిడ చెయ్యి చాచింది. చిట్టి అందుకోగానే ఆవిడ తూలింది. చిట్టి మెడ దాకా మునిగింది.

తల్లి పరుగున వచ్చి చిట్టిని పైకి తీసుకుంది.

“చూడండి మామ్మగారూ, మీకే సరిగా నిలబడటం రాదు. ముందు మీరు నేర్చుకోండి. తర్వాత ఊళ్లోవాళ్ల పిల్లల్ని లాగుదురుగాని.”

“నిజమేనమ్మా,” అంది ఆవిడ, మళ్లీ కమ్మీని కరుచుకుంటూ.

బయటికి వస్తూ, గేటు దగ్గర కూర్చున్న అమ్మాయినీ తల్లి వదల్లేదు. “మీ పెద్ద కోచ్ ఎక్కడమ్మా? పిల్లల్ని ఆ మామ్మగారికి అప్పజెప్పి నిద్రపోతోందా?”

“లోపలే ఉన్నారండీ,” అంది ఆ అమ్మాయి, తల దించుకుని.

అప్పుడు గుర్తొచ్చింది, తువ్వాలు లోపలే మరిచిపోయారని. చిట్టిని ఆ అమ్మాయి పక్కన కూర్చోబెట్టి తల్లి ఒక్కతే వెళ్లింది. రావడానికి చాలాసేపు పట్టింది.

“దొరకలేదా?” అంది చిట్టి.

“దొరికింది.”

“మామ్మగారికి వెళ్తున్నామని చెప్పావా?”

“నోరు రాలేదమ్మా,” అంది తల్లి.

సాయంత్రం స్నానాల గదిలోంచి చెంబు చప్పుడు వినిపించింది. అలవాటుగా నుదుటికి అడ్డం పెట్టే చెయ్యి తుడుచుకుంటూ తల్లి పరుగెత్తింది.

“నువ్వు రాకు,” అంది చిట్టి లోపలినుంచి. “నేనే పోసుకుంటున్నా. బుడగలు ప్రాక్టీసు చేస్తున్నా.”

భోజనాల దగ్గర చిట్టి జుట్టు నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. తండ్రి ఆ తడి తలవంక చూశాడు. ఇచ్చిన మాట ప్రకారం నోరెత్తలేదు.

“ఆ మామ్మకి అసలు తేలడమే రాదు నాన్నా,” అంది చిట్టి. “నేను బొమ్మల క్యాంపుకి వెళ్లిపోతే సెలవులన్నీ కమ్మీ పట్టుకునే ఉండిపోతుంది పాపం.”

“ఈతకే వెళ్తుంది,” అంది తల్లి, అందరికీ వడ్డించడం అయ్యాక, మెల్లగా.

“అంత వయసొచ్చాక ఆవిడకి ఈతేమిటే, వస్తుందంటావా?” అంది నానమ్మ.

“చిట్టి నేర్పితే వస్తుంది అత్తయ్యా,” అంది తల్లి; తను తువ్వాలు కోసం వెళ్లినప్పుడు అదే మామ్మ, మెళ్లో ఈల వేసుకుని, గట్టు మీద కోచ్‌లంతా చేతులు కట్టుకుని చూస్తుంటే, కొలను ఈ చివర మునిగి ఒక్క ఊపిరిలో ఆ చివర తేలిందని మాత్రం చెప్పలేదు.