ఇనుప రాజ్యంలో ఒక ఖాళీ

"ఈ నవల ఇంటే నీకు నిద్ర పట్టది నాయినా," అంటూ సుమిత్ర లైబ్రరీ పుస్తకం తెరిచింది. పాశమైలారం ఫ్యాక్టరీకి బయలుదేరుతున్న అంజయ్య బూట్లు తొడుక్కుంటూ చెవి అటు పెట్టాడు.

"ఆ నియంత రాజ్యంల సైరన్ మోగితేనే లేవాలె, సైరన్ మోగితేనే తినాలె."

"మాకు గట్లనే కద బిడ్డా."

"పేర్లుండయి. అంగీ మీద నంబరే."

అంజయ్య తన జేబు మీది నంబరు బిళ్ల సరిచేసుకున్నాడు.

"వాగుల నీళ్లు ఎర్రగ పారుతయి."

"మనకు మొన్న పచ్చగ పారినయి."

సుమిత్రకు ఉక్రోషం వచ్చింది. అన్నిటికన్నా భయంకరమైన పేజీ తీసింది.

"పద్దెనిమిదేండ్లు నిండంగనే పని అప్పజెప్తరు. ఇగ సచ్చేదాక అదే పని."

అంజయ్య చేతిలో లేసు ఆగిపోయింది.

"ఎవ్వర్నీ తీసెయ్యరా?"

"తియ్యరు. గదే కద భయం."

అతను లేసు ముడేశాడు. కాంట్రాక్టరు మూడు నెలలకోసారి రాసిచ్చే గేటు పాసు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

సోమవారం లైబ్రరీలో పుస్తకం తిరిగి ఇస్తుంటే అందులోంచి ఒక కాగితం జారింది. నాయిన దస్తూరీ. మూలకు పిన్నుతో గుచ్చిన పాస్‌పోర్టు ఫోటో.

"గౌరవనీయులైన నియంత గారికి. నాకు పద్దెనిమిది దాటి ఇరవై ఆరేళ్లయింది. దయచేసి మన్నించి, పర్మనెంటు చేయగలరు."