సొట్ట క్యారియరు

నాగవేణి బ్యాంకు పని ముగించుకుని ఆఫీసుకు వచ్చేసరికి అందరూ భోజనాలకు కూర్చున్నారు. మామూలుగా ఆ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మధ్యాహ్నం గంటసేపు సంతే. ఈరోజు మాత్రం క్యారియర్ల మూతల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించడం లేదు.

ఆమెకు విషయం అర్థమైపోయింది. టైపు చేసే జయంతి పక్కన కూర్చుంటూ చెవిలో అడిగింది.

“తేలిపోయిందా మే?”

“తేలిపోయిందక్కా. పొద్దున సారు అందర్నీ లోపలికి పిలిచి చెప్పినాడు,” అంది జయంతి, సంగటి ముద్ద చిదుముతూ.

లెక్కల సెక్షన్లో ఉన్నది ఇద్దరే. ఒకరు నాగవేణి, ఇంకొకరు మునిప్రసాద్. సీజను అయిపోయాక ఒక్కరు చాలని చెన్నైలో ఉండే ఓనర్లు తేల్చేశారు. ఆ ఒక్కరు ఎవరన్న దిగులుతోనే నెల రోజులుగా నాగవేణికి కంటి మీద కునుకు లేదు. మొగుడి టైలరింగు అంగడి మూతపడి ఏడాదైంది. ఇల్లు నడిచేది ఆమె జీతంతోనే. అందుకని ఊరికే కూర్చోలేదు. మునిప్రసాద్ రాసిన ప్రతి బిల్లులోనూ కోడిగుడ్డు మీద ఈకలు పీకి, మేనేజర్ సునీల్‌కుమార్ చెవిన వేస్తూనే వచ్చింది.

ఎదురుగా మునిప్రసాద్ తల వంచుకుని ఉన్నాడు. అన్నం కలిపాడు గానీ ముద్ద నోటికి పోవడం లేదు. నాగవేణి గుండెల మీంచి బండ దిగింది. పాపం అనిపించలేదా అంటే, అనిపించింది. ఆవగింజంత.

అతను తన డబ్బాలోని గుడ్డు తీసి ఆమె మూతలో వేశాడు. “నువ్వు తినక్కా. నాకు సయించలా.”

“తిండి మీద అలిగితే ఎట్లప్పా? నారు పోసినోడు నీరు పోయడా?”

మునిప్రసాద్ గబుక్కున లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

అడిగినా పెట్టని ప్యాకింగు యశోదమ్మ కూడా ఈరోజు అడక్కుండానే తను నూరిన చెనక్కాయల పచ్చడి, ఊరిబిండి, రెండు గరిటెలు వడ్డించింది. ఉద్యోగం నిలబడినవాళ్లకు మర్యాద పెరగడం లోకం తీరే కదా అనుకుంది నాగవేణి. ఊరిబిండి మాత్రం కమ్మగా ఉంది.

అంతలో మేనేజర్ తన గది గుమ్మంలోకి వచ్చాడు. నాగవేణిని చూసి, చూపు జయంతి వైపు తిప్పుకున్నాడు.

“జయంతీ, చిత్తూరు బజారుకు పోయి ఏదన్నా ఒక మంచి వస్తువు తీసుకురామ్మా. శనివారం చిన్నగా వీడ్కోలు పెడదాం.”

“దానికి బేరమేం తెలుసు సార్?” నాగవేణి అందుకుంది. “ఈ ఆఫీసులో ఎవరు పోయినా సామాను కొనేది నేనే కదా. నేనూ పోతా.”

“నువ్వెందుకులే నాగవేణీ, ఇంత ఎండలో...”

“ఎండకు కరిగిపోతానా సార్?”

ఆయన ఇంకేదో అనబోయాడు. “సరే, నీ ఇష్టం,” అని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. మెత్తటి మనిషి, ఒకరి పొట్ట కొట్టడం చేతకాని మనిషి అని నాగవేణి ఆయన మీద జాలిపడింది.

బజారు వీధిలో పాత్రల అంగడి. జయంతి ఇత్తడి కుందుల ముందు ఆగిపోయింది.

“ఇవి తీసుకుందామక్కా. ఎంత బాగుండాయో సూడు.”

“పోయేవాళ్లకు ఇత్తడి ఎందుకు మే? పెట్టేది పేరుకే.”

నాగవేణి అల్మరా అడుగున చెయ్యి పెట్టి స్టీలు క్యారియరు ఒకటి బయటికి లాగింది. మూడు గిన్నెలది. నడిమి గిన్నెకు సొట్ట. ఆ సొట్ట చూపించి చూపించి సగానికి సగం తగ్గించింది. అంగడాయన ఆమెకు దండం ఒక్కటే పెట్టలేదు.

“ఉద్యోగం పోయినోళ్లకు క్యారియరా అక్కా?” అంది జయంతి.

“ఇంకో పని దొరికితే తీసుకుపోతారు. దొరక్కపోతే ఇంట్లోనే ఉప్పూ పప్పూ పోసుకుంటారు.” నాగవేణి పకపకా నవ్వింది.

జయంతి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓహో, ఈ పిల్లకు మునిప్రసాద్ మీద మనసుందన్నమాట! ముందే తెలిసుంటే ఆ ముక్క కూడా మేనేజర్ చెవిన వేసేది కదా అని నాగవేణి నొచ్చుకుంది.

“అది కాదక్కా, నీకొక మాట చెప్పాల...”

“ఏడవబాక మే. ఒకరి పొయ్యి ఆరితేనే ఇంకొకరి పొయ్యి వెలిగేది. నేనేమన్నా కోరుకున్నానా?”

జయంతి కళ్లు తుడుచుకుంది.

ఆ వైపు ఎవరికి స్టీలు సామాను ఇచ్చినా పేరు కొట్టించకుండా ఇవ్వరు. ఒకసారి కొట్టారంటే ఆ గిన్నె అరిగేదాకా పేరు పోదు. అంగడాయన పేర్లు కొట్టే మిషన్ ప్లగ్గు పెట్టి, క్యారియరు ఒళ్లోకి తీసుకున్నాడు. సూది గీమంటూ మొదలైంది.

“ఎవరి పేరు కొట్టాలమ్మా?”

“మునిప్రసాద్. పైన ‘ప్రేమతో’ అని కూడా కొట్టన్నా, కరెక్టుగా ఆ సొట్ట మీద,” అంది నాగవేణి.

జయంతి చటుక్కున సూదికి చెయ్యి అడ్డం పెట్టి, నాగవేణి మొహం చూడకుండా అంగడాయనతో చెప్పింది: “మునిప్రసాద్ కాదన్నా... నాగవేణి అని కొట్టు.”