గౌను రంగు

ఐదో ప్రింటు కూడా తల్లికి నచ్చలేదు.

"ఇది కాదే," అంది మంచం మీంచే, కాగితం పక్కన పడేస్తూ.

"ఏ రంగో చెబితే కదమ్మా తెలిసేది."

"దానికి పేరు లేదే. కనబడితే గుర్తుపడతాను."

కూతురికి తల ప్రాణం తోకకొచ్చింది.

అదో పాత నలుపు తెలుపు ఫోటో. అందులో ఎనిమిదేళ్ళ తల్లి కొత్త గౌను వేసుకుని బిగుసుకుపోయి నిలబడి ఉంటుంది. ఇప్పుడు ఆవిడ కళ్ళు మసకబారిపోతున్నాయి. మహా అయితే ఇంకో నెల అన్నాడు డాక్టరు. చూపు పూర్తిగా పోయేలోగా ఆ గౌను రంగు ఒక్కసారి చూపించవే అని తల్లి అడిగింది. కూతురికి బుద్ధి తెలిశాక ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

కూతురిది ప్రింటింగ్ షాపు. కింద షాపు, పైన ఇల్లు. పొద్దస్తమానం రంగులతోనే బతుకుతూ ఒక్క గౌను రంగు పట్టుకోలేకపోతున్నానే అని ఆమెకు ఒకటే ఉక్రోషం.

కంప్యూటర్లో ఫోటోలోని గౌనుకు మరో రంగు పెట్టి ఆరో ప్రింటు వేస్తుండగా ఓ పెద్దాయన లోపలికొచ్చాడు. భుజాన సంచి ఉంది. జిరాక్సు కావాలా అంటే తల అడ్డంగా ఊపాడు. కంప్యూటర్ తెర మీద గౌను పిల్లని చూసి అక్కడే నిలబడిపోయాడు.

పాప ఎవరని అడిగాడు. మా అమ్మ అని చెప్పింది.

షాపులో ఉన్న ఒక్క స్టూలు మీదా కాగితాల కట్టలున్నాయి. వాటిని తీయాలని ఆమెకు తోచలేదు.

ఈ మిషన్‌లో ఎన్ని రంగులుంటాయమ్మాయ్ అన్నాడు. పని ఆపకుండానే చెప్పింది. ఉండేవి నాలుగే. నీలం, గులాబీ, పసుపు, నలుపు. వెంట్రుక కన్నా సన్నటి రంధ్రాల్లోంచి చుక్కలు పక్కపక్కనే పడతాయి. ఆకుపచ్చ చుక్కంటూ ఏదీ ఉండదు. నీలం పక్కన పసుపు పడితే మన కన్నే ఆకుపచ్చ అనుకుంటుంది.

"మేం తొట్టిలో కలిపేవాళ్ళం. నీ మిషను కంట్లో కలుపుతోందన్నమాట," అని ముచ్చటపడ్డాడు. గుడ్డలకు రంగులు వేసే పని చేసేవాడట.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. బయటికొస్తున్న కాగితం మీదికి వంగి, నీలం సరిగా దిగడం లేదే అన్నాడు.

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. పన్నెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నదానికి దారినపోయేవాళ్ళు కూడా పాఠాలు చెప్పేవాళ్ళే.

గోడకు రంగుల పట్టీ వేలాడుతోంది. అన్నీ చిన్న చిన్న గళ్ళు, గడికో నంబరు. పెద్దాయన జేబులోంచి పెన్ను తీసి, చాలాసేపు వెతికి, ఒక గడి పక్కన టిక్కు పెట్టాడు. పెన్ను పట్టుకున్న చేతికి చిటికెనవేలు కొక్కెంలా లోపలికి వంగి ఉంది.

"ముందు నీలంలో ముంచాలి. ఆరాక పసుపులో ఒక్క మునక. గౌను రంగు ఇదేనమ్మాయ్."

తానే దగ్గరుండి చూసినట్టు చెబుతున్నాడే అనుకుందామె.

పైనుంచి దగ్గు వినబడింది. పెద్దాయన తలెత్తి కప్పు వైపు చూశాడు.

"అమ్మేనా? ఒక్కసారి చూసి వెళ్ళొచ్చా?"

ఒంట్లో బాలేని మనిషి, పరాయివాళ్ళని పైకి పంపడం కుదరదని ముఖం మీదే చెప్పేసింది.

ఆయన మళ్ళీ తెర వైపు తిరిగాడు. గౌను పిల్ల భుజం చూపించి, "ఇక్కడ ఒక చెయ్యి ఉండాలే," అన్నాడు.

ఉండేది, నిజమే. ఆ ఫోటోని ఎప్పుడో కత్తెరతో కత్తిరించారు. పక్కనున్న మనిషి పోయి, భుజం మీద చెయ్యి మాత్రం మిగిలింది. చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉందని ఆమే కంప్యూటర్లో చెరిపేసింది.

"ఎవరిదో చెయ్యిలెండి. చిన్నప్పుడు అడిగితే పరాయివాడిది అంది మా అమ్మ. అందుకే తీసేశాను."

పెద్దాయన తెర మీంచి చూపు తిప్పుకున్నాడు.

"అంతేలే," అన్నాడు.

సంచి సర్దుకున్నాడు. సాయంత్రం బండికి వెళ్ళిపోతున్నాననీ, ఈ వయసులో మళ్ళీ ఇటు రావడం పడదనీ చెప్పాడు. మెట్ల వైపు ఒకసారి చూసి, వీధిలోకి దిగాడు.

ఆమె పేరైనా అడగలేదు. పీడ వదిలిందనుకుంది.

ఆరోదీ, ఏడోదీ వెనక్కొచ్చాయి. తల్లి ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. వారం తర్వాత, ఇంక ఏం చేయాలో తోచక, కూతురు నీలం కార్ట్రిడ్జ్ విప్పి చూసింది. సగం రంధ్రాలు ఎండిన సిరాతో పూడుకుపోయి ఉన్నాయి. పెద్దాయన మాట నిజమే. శుభ్రంగా తుడిచి, ఎందుకైనా మంచిదని ఆయన టిక్కు పెట్టిన గడి నంబరే ఇచ్చి ప్రింటు తీసింది.

తల్లి ఆ కాగితాన్ని కిటికీ దగ్గర వెలుగులో కళ్ళకు ఆనించుకుంది.

"ఇదేనే. పాత దుప్పటికి రంగు వేసి కుట్టిన గౌను. ఎవరు చెప్పారే నీకు ఈ రంగు?"

"ఎవరో పెద్దాయనమ్మా. పోయిన వారం వచ్చాడు. గుడ్డలకు రంగులు వేసేవాడట."

తల్లి వేలు ఫోటోలోని భుజం మీదికి పాకింది. చెరిపేసిన చోట తడుముతూ ఆగింది.

"చిటికెనవేలు వంకరా?"

కూతురు తలూపింది. అది తల్లికి కనబడలేదని అర్థమై, పైకే అవునంది.

"కోపంలో ఆ ఫోటో కత్తిరించింది నేనేనే," అంది తల్లి.

ఆవిడ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

"మా అన్నయ్యని కాసేపు కూర్చోమనైనా అన్నావా?"