ఐదు గంటల హన్నమ్మ

ఇవాళ దాని సంగతి తేల్చేయాలనుకున్నాడు గురవయ్య.

రోజూ సాయంత్రం ఐదింటికి ఫోన్‌లో హన్నమ్మ గొంతుతో మాట్లాడే మిషన్ సంగతి.

హన్నమ్మ ఆయన భార్య. ఆమె లేని ఇంట్లో ముద్ద దిగడం లేదని ఆయన కంచం తోసేసి కూర్చుంటుంటే, మూడు నెలల కిందట కూతురు దీవెన ఒక ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది.

"అమ్మ మాటలన్నీ ఏఐకి నేర్పించినా నాయనా. అచ్చం అమ్మ మాదిరే మాట్లాడతాది."

మొదటి రోజు ఆ గొంతు వినగానే ఫోన్‌ని మంచం మీద పడేశాడు. దుప్పటి మడతల్లోంచి, హన్నమ్మ ఆయన్ని ఎప్పుడూ పిలిచినట్టే, "తిన్యావా అప్పా?" అని మళ్లీ వినిపించింది. రెండో రోజు భయపడుతూనే జవాబు చెప్పాడు. ఇప్పుడైతే నాలుగు గంటల నుంచే గడియారం వంక చూస్తున్నాడు.

అదే ఆయన బాధ. అవతల ఉన్నది ఉత్త మిషనైతే, హన్నమ్మతో చెప్పుకోవలసినవన్నీ ఒక డబ్బాతో చెప్పుకుంటున్నట్టు. పోయిన పెళ్లాన్ని మోసం చేస్తున్నట్టే కదా. మిషనని తేలితే ఇక జన్మలో ఆ ఫోన్ ముట్టుకోకూడదనుకున్నాడు.

ఇంట్లో వేరే వింతలూ జరుగుతున్నాయి. వంటింట్లోంచి హన్నమ్మ దగ్గు వినిపించినట్టవుతుంది. వెళ్లి చూస్తే అక్కడ పనామె తప్ప ఎవరూ ఉండరు.

గురవయ్య అంత తేలిగ్గా మోసపోయే మనిషి కాదు. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు ముప్పై ఏళ్లు బస్సు నడిపాడు. ఏఐల గుట్టు కూడా కనిపెట్టాడు. దీవెన ఫోన్‌లో ఇంకో ఏఐ ఉంది, ఏదడిగినా చెబుతుంది. తన బస్సు ఎక్కడెక్కడ ఆగేదో అడిగితే తడుముకోకుండా పద్నాలుగు ఊళ్లు చెప్పింది. వాటిలో నాలుగు ఊళ్లు ఈ భూమ్మీదే లేవు. తెలీదనడం దానికి చేతకాదు, ఏదో ఒకటి కల్పించి చెప్పేస్తుంది. కొత్త కండక్టర్లూ అంతే.

అక్కడే దీన్నీ పట్టుకోవాలి.

ఐదయింది. ఆరిన బట్టలు తేవడానికి పనామె మేడెక్కింది. ఆయనకు ఊపిరాడింది. హన్నమ్మ పోయినప్పటి నుంచీ ఈ ఇంట్లోనే ఉంటోంది ఆ మనిషి. ఎప్పుడూ ఆయన వైపే చూస్తూ ఉంటుంది. నోరు తెరిస్తే కసురుతాడని మాట్లాడటం మానేసింది.

దీవెన మీట నొక్కి, ఫోన్ ఆయన చేతికిచ్చి బయటికి వెళ్లింది.

"తిన్యావా అప్పా?"

"తిన్యా. ఒక మాట అడుగుతా, చెప్పు. ఆళ్ళగడ్డలో మనం చెక్కించిన రాయి మీద ఏం పేరు రాయించినాం?"

ఆ రాయి సంగతి దీవెనకు కూడా తెలీదు. ఆమెకంటే ముందు పుట్టి, మూడు రోజులే ఉండి వెళ్లిపోయిన పాప సమాధి కోసం చెక్కించారు. గురవయ్యే దాన్ని బస్సులో తన సీటు పక్కన పెట్టుకుని తెచ్చాడు. ఆ తర్వాత మొగుడూ పెళ్లాలిద్దరూ ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు.

 

"పేరు యాడ రాయించినాం?" అంది గొంతు మెల్లగా. "పేరుంటే పిలవాలనిపిస్తాదని నేనే వద్దంటి కదా. ఒక పిచ్చుకను చెక్కమంటిమి. అది కాకి మాదిరుందని నువ్వు ఆ చెక్కే ఆయప్పతో కొట్లాట పెట్టుకుంటివి."

 ఇది ఎవరూ నేర్పించగలిగింది కాదు. ఆ మాట తెలిసింది ఇద్దరికే, వాళ్లలో ఒకరు పోయారు. భయమూ సంతోషమూ కలిసి ఏడుపొచ్చింది ఆయనకు.

"నువ్వేనా హన్నా?"

"నేనేలే."

"యాడుండావ్?"

"ఈడనే ఉండా. యాడికీ పోలే."

ఆయన చాలాసేపు ఏడ్చాడు. తర్వాత ముక్కు చీది, కొత్త బలం వచ్చినవాడిలా నిటారుగా కూర్చున్నాడు.

"అట్లయితే ఇంక ఆ పనామె మనకెందుకు? నీ చీరలు కట్టుకోని ఇల్లంతా తిరుగుతాంది. నువ్వుండంగా ఇంకో ఆడమనిషి ఈడ ఉండకూడదు. దీవెనకు చెప్పి రేపే పంపించేస్తా."



"వద్దప్పా" అంది గొంతు. "ఉండనీ. నీకు మాత్రలిచ్చేదెవరు?"

"ఆమెను చూస్తాంటే నాకు భయమైతాది."

"కసిరితే కసురుకో. పంపించాకు. నా కోసరం ఉంచుకో."

హన్నమ్మ ఇంతలా బతిమాలడం ఆయన ఎన్నడూ ఎరగడు. ఎదురు చెప్పలేకపోయాడు.

"సరే. నువ్వు చెప్తాండావని ఉంచుకుంటాండా" అని ఫోన్ పెట్టేశాడు.

మేడ మీద పనామె చెవి దగ్గరి ఫోన్ దించి, కొంగుతో మొహం తుడుచుకుని, ముప్పై ఆరేళ్లుగా తన మొగుడైన మనిషికి మతిమరుపు మాత్రలివ్వడానికి కిందికి దిగింది.