అర చెంచా సాకే

దగ్గరకు జరగండర్రా, ఇది గట్టిగా చెప్పే మాట కాదు.

మా పక్కింటి షిగె, చుట్టాలందరి ముందూ, చంటివాణ్ణి వీపున కట్టుకున్న తన కోడలు తాజుకు సాకే కూజా అందించింది. చల్లటి బియ్యపు మద్యం అంచుదాకా పోసి ఉంది.

“కుంపటి బూడిదలో నిలబెట్టి వేడి చెయ్యి. చుక్క ఒలికిందో, పుట్టింటికి నడువు. పిల్లాడు మాత్రం ఇక్కడే ఉంటాడు.”

తాజు వేళ్ల మీద లెక్క వేసుకుంది. “అత్తయ్యా, వంద చెంచాల సాకే కాగితే రెండు చెంచాలు పెరుగుతుంది. ఈ కూజాలో పట్టేది పాతిక చెంచాలు. అంటే అర చెంచా పైకొస్తుంది. ఆ కాస్తా ముందే తీసేయనివ్వండి.”

“చుట్టాలకు వెలితి కూజా పెడతావా? బడిలో నీకు నేర్పింది ఇదేనా, తల్లీ!”

అందరూ నవ్వారు. తాజు మొగుడు ఎయిసుకె మాత్రం చాప ఈనెలు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాడు.

తాజు కూజాను వేడి బూడిదలో పెట్టింది. కాసేపటికి సాకే అంచు మీద ఉబ్బి, పక్కనుంచి జారి, బూడిదలో చుయ్యిమంది.

షిగె తన కిమోనో అంగీ చేతి మడతలోంచి చిన్న గుడ్డ తీసి కూజా తుడిచింది. సరిగ్గా అర చెంచా తడికి సరిపోయేంత గుడ్డ. ముందే కోసి, మడతపెట్టి ఉంచుకున్నది.

తాజు ఆ గుడ్డ వైపే చూసింది. “మీకూ తెలుసా, అత్తయ్యా?”

“నీకంటే ముందే లెక్కేశానమ్మా. పిల్లాణ్ణి ఇలా ఇవ్వు.”

తాజు వీపున పిల్లాణ్ణి కట్టుకున్న గుడ్డ ముడి విప్పసాగింది. ఎంతకీ ఊడలేదది.

మీ పిల్లలకు ఈ సంగతి చెప్పేటప్పుడు సాకేను మరిచినా సరే, షిగె చేతిలోని ఆ గుడ్డను మాత్రం మరవకండి.