నడినెత్తి మీద పేరు

"ఫ్యాన్లు ఆపందే ఎగరేయనన్నా," అన్నాడు డ్రోన్ వీరేష్.

కోయిలకుంట్ల కల్యాణ మండపంలో వేదిక పక్కన నిలబడి శివప్రసాద్ పైకి చూశాడు. ఇరవై ఆరు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కిందికి చూశాడు. ఏడు వందల మంది కూర్చున్నారు. మే నెల, పగలు పన్నెండు. ఒంటిగంటన్నరలోపు వీడియో పార్టీ ఇన్‌చార్జి ఫోనుకు చేరాలి. జడ్పీటీసీ టికెట్ ఎవరికన్నది ఆయన సాయంత్రం తేలుస్తాడు. పోయినసారి ఒకాయన యాభై మందిని ఐదు పక్కల నుంచి ఫోటోలు తీయించి పంపాడట. అందుకని ఈసారి ఇన్‌చార్జి ఒకటే మాట చెప్పాడు. జనాన్ని పైనుంచి చూపించాలి.

శివప్రసాద్ అందుకు తగ్గట్టే ఏర్పాట్లు చేశాడు. అందరికీ తెల్ల టోపీలు కుట్టించి, తన పేరు నుదుటి మీద కాకుండా నడినెత్తి మీద వచ్చేలా అచ్చు వేయించాడు.

బయట తీద్దామా, ఫ్యాన్ల గోల ఉండదు అన్నాడు వీరేష్. అది కుదరదు. గేటుకు ఎదురుగానే పెంచలయ్య చలివేంద్రం ఉంది. అదే పార్టీ, అదే టికెట్ కోసం తిరుగుతున్న మనిషి. పొద్దున రిబ్బన్ కత్తిరించి, తన ఫ్లెక్సీ కింద తనే నిలబడి మజ్జిగ పోస్తున్నాడు. శివప్రసాద్ వచ్చేటప్పుడు కారు అద్దం దించి, "మజ్జిగ పోస్తే టికెట్ ఇస్తారా మామా?" అని అడిగి మరీ లోపలికి వచ్చాడు. పెంచలయ్య నవ్వి ఒక గ్లాసు ఇవ్వబోయాడు. తీసుకోలేదు.

"ఫ్యాన్లు తిరుగుతాంటే ఏమైతాదప్పా?"

"కప్పు కింద జీపీఎస్ అందదన్నా. గాలి యాడికి తోస్తే ఆడికి పోతాది. రెక్క విరిగి ఎవరి కంట్లోనన్నా పడితే?"

"ఏడు వందల మంది ఉండారు గదప్పా," అన్నాడు శివప్రసాద్.

వీరేష్ డ్రోన్‌ను తిరిగి పెట్టెలో పెట్టబోయాడు. శివప్రసాద్ ఫ్యాన్లు ఆపమని కేక వేశాడు.

తర్వాత వీరేష్ తొందరపడలేదు. రెక్కల చుట్టూ గార్డులు బిగించాడు. కప్పు నుంచి వేలాడుతున్న రంగు కాగితాలు తీయించాడు. మనుషుల నెత్తుల మీదుగా పోనివ్వనని చెప్పి, నడిమి దారిలో ఉన్నవాళ్లను పక్కకు జరిపించాడు. డ్రోన్‌ను ఎదురొమ్ము ఎత్తుకు లేపి, ఒక నిమిషం నిలిపి, దించాడు. బ్యాటరీ చూసుకున్నాడు. మళ్లీ లేపాడు. మళ్లీ దించాడు.

ఈలోగా జనం టోపీలు తీసి వాటితో విసురుకోవడం మొదలుపెట్టారు. పేరు కనపడాల, నెత్తిన పెట్టుకోండని శివప్రసాద్ మైకులో చెప్పాడు. వెనక వరుస లేచిపోయింది. వెంకటలక్ష్మమ్మ అనే ముసలావిడ వేదిక దాకా వచ్చింది.

"బిర్యానీ ఉడికిందో లేదో గానీ నాయనా, మేమైతే ఉడికినాం," అని చెప్పి తలుపు వైపు నడిచింది. ఆమె వెనక నాలుగు వరుసలు నడిచాయి.

వీరేష్ తల ఎత్తి రెడీ అనేసరికి లోపల పదకొండు మంది మిగిలారు. వాళ్లలో నలుగురు నిద్రపోతున్నారు.

శివప్రసాద్ ఫ్యాన్లు వేయించి మైకులో పిలిచాడు. కొందరు వచ్చి కూర్చున్నారు. వీరేష్ డ్రోన్ పక్కన పెట్టి చేతులు కట్టుకున్నాడు. శివప్రసాద్ మళ్లీ ఫ్యాన్లు ఆపించాడు. వచ్చినవాళ్లు పోయారు. ఇట్లా రెండుసార్లు జరిగాక వీరేష్ పెట్టె సర్దుకున్నాడు. ఇంకొకరి పని ఉందని, అది బయటి పనే కాబట్టి రెండు నిమిషాల్లో అయిపోతుందని చెప్పి వెళ్లాడు.

శివప్రసాద్ ఇరవై ఆరు ఫ్యాన్లూ వేయించి వాటి కింద ఒక్కడే కూర్చున్నాడు. పావుగంటకు లేచి గేటు దాకా వచ్చాడు. రోడ్డు నిండా తన జనమే. చేతుల్లో మజ్జిగ గ్లాసులు ఉన్నాయి. ఎండకు అందరూ టోపీలు మళ్లీ నెత్తిన పెట్టుకున్నారు. తాగి వచ్చేస్తారులే, బిర్యానీ లోపలే ఉంది కదా అనుకున్నాడు.

ఫోను మోగింది. ఇన్‌చార్జి.

"వీడియో చూసినానప్పా. ఏడు వందలకు తగ్గరు. నెత్తి మింద పేరు ఏయించినావు చూడు, ఒక్కొక్కటీ చదవచ్చు."

శివప్రసాద్‌కు అర్థం కాలేదు. "నేనింకా పంపనే లేదన్నా."

"నువ్వు గాదు. నీ మనుషులంతా తన తట్టు వచ్చేసినారని పెంచలయ్య పంపినాడు."